కదిలే గుండెకు హద్దు గీయటం

మనిషి పుట్టకముందే పని మొదలుపెట్టి, చివరి క్షణం దాకా సెలవు ఎరగని అవయవం గుండె. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కవేసినా అది రోజుకు లక్షసార్లకు పైగా కొట్టుకుంటుంది. పిడికిలంత ఉండే ఈ కండరపు సంచి ప్రతిసారీ కొంత రక్తాన్ని నింపుకొని, అందులో కొంత భాగాన్ని బయటికి నెట్టుతుంది. ఎంత నింపుకొంటుంది? ఎంత నెట్టుతుంది? వినటానికి ఇవి చిన్న ప్రశ్నలే. కాని శరీరశాస్త్రం ఒక గొప్ప మలుపు తిరిగింది ఈ ప్రశ్నలతోనే.

ఆహారం నుంచి కాలేయంలో ఎప్పటికప్పుడు కొత్త రక్తం తయారై, శరీరంలో ఖర్చయిపోతూ ఉంటుందని పూర్వం వైద్యులు నమ్మేవారు. 1628లో ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం హార్వే దీనిని లెక్కతో ఖండించాడు. ఒక్కొక్క దెబ్బకు గుండె నెట్టే రక్తం ఎంత తక్కువని అనుకున్నా, అరగంటలో అది శరీరంలోని మొత్తం రక్తాన్ని మించిపోతుంది. అంత రక్తాన్ని ఏ ఆహారమూ తయారుచేయలేదు. కనుక ఉన్న రక్తమే మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తూ ఉండాలి. రక్తప్రసరణ సిద్ధాంతానికి ఇది బలమైన ఆధారం.

హార్వే తన లెక్కకు కావలసిన పరిమాణాన్ని చనిపోయినవారి గుండెను చూసి అంచనా కట్టవలసి వచ్చింది. బతికి ఉన్న మనిషి గుండెలో రక్తమెంతో, ఛాతీ కోయకుండా కొలవటం అప్పుడు ఊహకైనా అందని పని. ఈనాడు అది ఆసుపత్రులలో నిత్యం జరుగుతున్నది. ఆ కొలత మొత్తం ఒక గీత మీద ఆధారపడి ఉన్నది. రక్తం ఎక్కడ ముగిసి కండరం ఎక్కడ మొదలవుతుందో చూపే హద్దు గీత అది. ఆ గీతను ఇప్పుడు కంప్యూటర్ గీస్తున్నది. ఎలా గీస్తున్నదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో పరిశీలిద్దాం.

ఇ.ఎఫ్. అనే సంఖ్య

గుండెకు నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి జఠరిక రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ జఠరిక బృహద్ధమని ద్వారా శరీరమంతటికీ పంపుతుంది. పని ఎక్కువ కనుక ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటుంది. వైద్యులు ముఖ్యంగా కొలిచేది దీనినే.

ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషిలో ఎడమ జఠరిక పూర్తిగా వ్యాకోచించినప్పుడు అందులో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుందనుకుందాం. పూర్తిగా సంకోచించిన తరువాత కూడా సుమారు 50 మిల్లీలీటర్లు లోపలే మిగిలిపోతుంది. అంటే బయటికి పోయింది 70 మిల్లీలీటర్లు. నిమిషానికి 72 దెబ్బల చొప్పున ఇది 5 లీటర్లకు పైగా అవుతుంది. నిండిన రక్తంలో ఎన్నవ వంతు బయటికి పోయిందో తెలిపే నిష్పత్తిని ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఆసుపత్రి కాగితాల మీద ఇది ఇ.ఎఫ్. అని కనిపిస్తుంది. పై లెక్కలో 70ని 120తో భాగిస్తే ఇ.ఎఫ్. 58 శాతం.

ఈ సంఖ్య మీద పెద్ద నిర్ణయాలు ఆధారపడి ఉన్నాయి. ఇ.ఎఫ్. 40 శాతం గాని, అంతకు తక్కువగా గాని ఉన్న గుండె వైఫల్యాన్ని వైద్యులు ఒక ప్రత్యేక తరగతిగా పరిగణించి మందులు నిర్ణయిస్తారు. 35 శాతం గాని, అంతకు లోపు గాని ఉంటే, గుండె లయ హఠాత్తుగా తప్పినప్పుడు విద్యుత్ ఘాతమిచ్చి ప్రాణం కాపాడే చిన్న పరికరాన్ని ఛాతీలో అమర్చాలా అని, ఇతర విషయాలతో పాటు ఆలోచిస్తారు. డాక్సోరూబిసిన్ వంటి కొన్ని కాన్సరు మందులు గుండె కండరాన్ని దెబ్బతీయవచ్చు. అవి వాడేవారిలో ఇ.ఎఫ్. తగ్గుతున్నదేమో కనిపెట్టి చూస్తూ ఉంటారు.

ఆగని వస్తువుకు బొమ్మ

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న తరువాత గుండె నీడను చూడటం సాధ్యమయింది. అయితే ఆ నీడలో రక్తమూ కండరమూ వేరువేరుగా కనిపించవు. 1953లో స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో వైద్యుడు ఇంగే ఎడ్లర్, భౌతికశాస్త్రజ్ఞుడు హెల్ముట్ హెర్ట్స్ కలిసి అతిధ్వని తరంగాలను గుండె మీదికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనులను నమోదు చేశారు. వారు మొదట వాడిన సాధనం ఓడలు కట్టే చోట లోహంలోని లోపాలు వెదకటానికి ఉపయోగించేది. ఈనాటి ఎకో పరీక్షకు అదే ఆరంభం.

అతి స్పష్టమైన కొలతలకు అయస్కాంత అనునాదం మీద పనిచేసే ఎం.ఆర్.ఐ. యంత్రాన్ని ఆశ్రయిస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఒక దెబ్బకు పట్టే కాలం సుమారు 0.8 సెకను. ఎం.ఆర్.ఐ. అంత వేగంగా పూర్తి బొమ్మలు తీయలేదు. అందుచేత రోగిని కొద్ది సెకన్లు ఊపిరి బిగబట్టమని, గుండె విద్యుత్ సంకేతాన్ని గమనిస్తూ, ఒక్కొక్క దెబ్బలో బొమ్మకు కావలసిన సమాచారాన్ని కొంచెం కొంచెంగా సేకరిస్తారు. తరువాత అనేక దెబ్బల ముక్కలను కలిపి, ఒకే దెబ్బలో తీసినట్టు కనిపించే 25 లేక 30 బొమ్మల వరుసగా కూరుస్తారు. వాటిని వెంటవెంటనే చూపితే సినిమాలో వలె గుండె కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. గుండె లయ తప్పే రోగులలో ఒక దెబ్బ మరొక దెబ్బతో సరిపోదు కనుక బొమ్మ అలుక్కుపోతుంది.

కాయను అడ్డంగా తరిగినట్టు, గుండెను పైనుంచి కొన వరకు తొమ్మిది పది అడ్డుకోతలుగా ఈ విధంగా చిత్రిస్తారు. పది కోతలు, కోతకు 30 బొమ్మలు అనుకుంటే ఒక్క మనిషికి 300 బొమ్మలు. ప్రతి బొమ్మలోను ఎడమ జఠరిక లోపలి అంచు, గోడ బయటి అంచు, కుడి జఠరిక అంచు గీయాలంటే దాదాపు 900 గీతలు. అంత పని ఎవరూ చేయలేక, నిపుణులు సాధారణంగా పూర్తి వ్యాకోచం, పూర్తి సంకోచం అనే రెండు స్థితులకే గీతలు గీసేవారు. దానికే సుమారు 20 నిమిషాలు పడుతుంది.

గీత నుంచి లెక్కకు

గీతలు గీసిన తరువాత మిగిలింది హైస్కూలు లెక్కే. ఒక్కొక్క కోతలో రక్తం ఆక్రమించిన వైశాల్యాన్ని కోతల మధ్య దూరంతో గుణించి, అన్నింటినీ కూడితే ఘనపరిమాణం వస్తుంది. నాణేలు దొంతరగా పేర్చి మొత్తం పరిమాణం కట్టటం వంటిదే ఇది.

కోతల మధ్య దూరం ఒక సెంటీమీటరు అనుకుందాం. వ్యాకోచంలో తొమ్మిది కోతల వైశాల్యాలు పైనుంచి వరుసగా 18, 18, 17, 16, 15, 13, 11, 8, 4 చదరపు సెంటీమీటర్లు. వీటి మొత్తం 120. అంటే 120 మిల్లీలీటర్లు. సంకోచంలో అవే చోట్ల 0, 10, 10, 9, 8, 6, 5, 2, 0 అయితే మొత్తం 50 మిల్లీలీటర్లు. సంకోచంలో మొదటి అంకె సున్న ఎందుకయిందో తరువాత చూద్దాం. చిక్కంతా అక్కడే ఉన్నది.

ముందుగా గీత కొంచెం జరిగితే ఏమవుతుందో చూడాలి. ఒక రోగికి వ్యాకోచంలో 150, సంకోచంలో 95 మిల్లీలీటర్ల రక్తం ఉన్నదనుకుందాం. ఇ.ఎఫ్. 36.7 శాతం. సంకోచంలో జఠరిక అడ్డుకోతలు సగటున 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తాలనుకుందాం. గీసేవారు లోపలి అంచును ప్రతి కోతలోను అర మిల్లీమీటరు బయటికి గీశారు. వ్యాసార్ధం 20కి బదులు 20.5 అయింది. వైశాల్యం వ్యాసార్ధపు వర్గంతో మారుతుంది కనుక 5 శాతం పెరుగుతుంది. 95 మిల్లీలీటర్లు సుమారు 99.8 అవుతుంది. ఇ.ఎఫ్. 33.5 శాతానికి దిగుతుంది. 35 శాతానికి పైన ఉన్న రోగి దాని కిందికి జారిపోయాడు. గుండె మారలేదు, గీత మాత్రమే మారింది!

కంప్యూటర్‌కు కనిపించేది

మనం గుండె బొమ్మ చూస్తాము. కంప్యూటర్‌కు అందేది అంకెల గళ్ళపట్టిక. ఒక్కొక్క గడికి దాని వెలుగును బట్టి ఒక సంఖ్య. గుండె ఎం.ఆర్.ఐ. బొమ్మలో ఒక గడి పక్క సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. పైన చెప్పిన అర మిల్లీమీటరు గడిలో మూడవ వంతు మాత్రమే. ప్రతి గడి రక్తమా, కండరమా, వేరొకటా అని నిర్ణయించే పనిని సెగ్మెంటేషన్ అంటారు. తెలుగులో హద్దుల నిర్ణయం అనవచ్చు.

ఈ బొమ్మలలో రక్తం తెల్లగా, కండరం మసకగా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక సంఖ్యను మెట్టుగా పెట్టుకొని, దానికి పైనున్న గళ్ళన్నీ రక్తమని, కిందివి కండరమని తేల్చరాదా? మొదట ఈ మార్గాన్నే ప్రయత్నించారు. కాని మూడు ఆటంకాలు వచ్చాయి. ఒకటి: అంచు మీద ఉన్న గడిలో సగం రక్తం, సగం కండరం ఉండవచ్చు. దాని సంఖ్య రెండింటికీ నడుమ ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ఇటువంటి గళ్ళు సుమారు 560 పడతాయి. వృత్తరేఖ కోసుకొని పోయే గళ్ళు సుమారు 100. అంటే గళ్ళలో దాదాపు అయిదవ వంతు అనుమానాస్పదమే. గ్రాఫ్ కాగితం మీద వృత్తం గీసి, పూర్తిగా లోపల ఉన్న గళ్ళను, రేఖ తాకిన గళ్ళను వేరువేరుగా లెక్కపెడితే ఈ సంగతి విద్యార్థులకు తేలికగా బోధపడుతుంది.

రెండు: జఠరిక లోపల కవాటాలను పట్టి ఉంచే చిన్న కండరాలు రక్తం మధ్యకు పొడుచుకొని వస్తాయి. చెరువు విస్తీర్ణం కొలిచేటప్పుడు నీటి మధ్య దిబ్బలను లెక్కలో చేర్చాలా, వదలాలా అన్నటువంటి ప్రశ్న ఇది. ఏ పద్ధతి పాటించినా అందరూ ఒకే పద్ధతి పాటించాలి. మూడు: గుండె పక్కనే ఉన్న కాలేయం, ఛాతీ గోడ కూడా కండరం వంటి ఛాయలోనే ఉంటాయి. ఛాయను బట్టి హద్దు తెలియదు.

సాగే గీత

1987లో మైకేల్ కాస్, ఆండ్రూ విట్కిన్, డిమిట్రి టెర్జోపౌలస్ అనే శాస్త్రజ్ఞులు వేరొక ఉపాయం చెప్పారు. బొమ్మ మీద రబ్బరు పట్టీ వంటి గీతను వేస్తారు. వెలుగు హఠాత్తుగా మారే చోటు ఆ గీతను తనవైపు లాగుతుంది. అతిగా వంగకుండా, సాగకుండా గీతకున్న బిగువు దానిని వెనక్కు లాగుతుంది. ఈ రెండింటికీ సమతూకం కుదిరిన చోట గీత నిలుస్తుంది. పాకుతూ పోయి అంచును పట్టుకుంటుంది కనుక దీనికి పాము అని ముద్దుపేరు పెట్టారు. బొమ్మలో అంచు ఒక చోట చెరిగిపోయినా, బిగువు వల్ల గీత తెగకుండా దానిని దాటిపోగలదు. అయితే మొదట గీతను అంచుకు దగ్గరగా వేయకపోతే అది వేరొక అంచును పట్టుకొని కూర్చుంటుంది.

1990 దశకంలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టిమ్ కూట్స్, క్రిస్ టేలర్ మరొక మెట్టు ఎక్కారు. నిపుణులు గుర్తించిన అనేక ఆకారాల నుంచి సగటు ఆకారాన్ని, అది ఏయే విధాలుగా మారగలదో ఆ మార్పులను లెక్కగట్టి, గీత ఆ పరిధిని దాటకుండా చేశారు. గుండె ఎలా ఉండాలో యంత్రానికి ముందే కొంత తెలియజేయటమన్న మాట. కాని రోగంతో వికృతమైన గుండె సగటుకు దూరంగా ఉంటుంది. అసలు కొలవవలసినది అటువంటి గుండెనే గదా!

గీతలు చూసి గీత నేర్చుట

2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో ఓలాఫ్ రోనెబెర్గర్, ఫిలిప్ ఫిషర్, థామస్ బ్రోక్స్ యు-నెట్ అనే ఏర్పాటును రూపొందించారు. మొదట వారి ఉద్దేశం సూక్ష్మదర్శినిలో కనిపించే కణాల హద్దులు గుర్తించటం. త్వరలోనే అది గుండె బొమ్మలకు కూడా పనికివచ్చింది.

దాని పనితీరు స్థూలంగా ఇది. మూడు గళ్ళు వెడల్పు, మూడు గళ్ళు పొడవు ఉన్న చిన్న కిటికీని బొమ్మ అంతటా జరుపుతారు. కిటికీలోని తొమ్మిది సంఖ్యలను తొమ్మిది గుణకాలతో గుణించి కూడితే ఒక కొత్త సంఖ్య వస్తుంది. ఒక రకం గుణకాలు నిలువు అంచులను, మరొక రకం అడ్డు అంచులను ఎత్తిచూపుతాయి. ఇటువంటి కిటికీలు వందలకొలది ఉంటాయి. తరువాత బొమ్మను సగానికి, మళ్ళీ సగానికి కుదిస్తారు. కుదించిన బొమ్మలో చిన్న కిటికీకే పెద్ద ప్రదేశం కనిపిస్తుంది కనుక, ఇది గుండెలో ఏ భాగమో తెలుస్తుంది గాని అంచు ఖచ్చితంగా తెలియదు. అందుచేత బొమ్మను మెట్టుమెట్టుగా మళ్ళీ పెంచుతూ, ప్రతి మెట్టులోను కుదించకముందు దాచిన వివరాలను కలుపుతారు. దిగి ఎక్కే ఈ దారి ఇంగ్లీషు యు అక్షరంలా ఉంటుంది. పేరు అందువల్లనే వచ్చింది.

గుణకాలను ఎవరూ నిర్ణయించి ఇవ్వరు. మొదట అవి ఏవో సంఖ్యలు. యంత్రం గీసిన హద్దును నిపుణుడు గీసిన హద్దుతో పోల్చి, తేడా తగ్గే వైపుకు గుణకాలన్నింటినీ కొంచెం కొంచెం మారుస్తారు. వేలాది బొమ్మల మీద ఇలా మళ్ళీ మళ్ళీ చేస్తే యంత్రానికి గీత పట్టుబడుతుంది.

ఎంత బాగా పట్టుబడిందో కొలవటానికి ఒక నిష్పత్తి ఉన్నది. 1945లో లీ డైస్ ప్రతిపాదించినందువల్ల దానికి ఆయన పేరు. నిపుణుడు 100 గళ్ళను, యంత్రం 104 గళ్ళను రక్తంగా గుర్తించగా, 96 గళ్ళు ఇద్దరికీ ఉమ్మడి అనుకుందాం. ఉమ్మడి గళ్ళకు రెట్టింపు అయిన 192ను రెండింటి మొత్తమైన 204తో భాగిస్తే 0.94 వస్తుంది. పూర్తిగా ఏకీభవిస్తే 1, ఏమాత్రం కలవకపోతే 0.

బ్రిటన్‌లోని బయోబ్యాంక్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ సేకరించిన 4,875 మంది గుండె చిత్రాలలో నిపుణులు చేతితో గుర్తించిన 93,500 బొమ్మల ఆధారంగా ఒక పరిశోధక బృందం జరిపిన పని 2018లో వెలువడింది. అందులో యంత్రానికి ఎడమ జఠరికలోని రక్తభాగంలో 0.94, కుడి జఠరికలో 0.90, పలుచని కండరపు గోడలో 0.88 వచ్చింది. ఇద్దరు నిపుణులు ఒకే బొమ్మకు గీసిన గీతల మధ్య ఉండే తేడా కూడా దాదాపు ఇంతే. మనిషికి నిమిషాలు పట్టే పని యంత్రానికి సెకన్లు. కనుక రెండు స్థితులకే పరిమితం కాకుండా, దెబ్బలోని అన్ని బొమ్మలకూ గీతలు గీసి, గుండె ఎంత వేగంగా నిండుతున్నదో, ఏ భాగం మందగించిందో కూడా చూడవచ్చు.

2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు 10,030 ఎకో దృశ్యాలతో ఇటువంటి పనే చేశారు. నిపుణులు ఒక్కొక్క దృశ్యంలో రెండు బొమ్మలకే గీతలు గీసి ఉండగా, యంత్రం మిగిలిన బొమ్మలన్నింటికీ తానే గీయటం నేర్చింది.

చలనమే చిక్కు, చలనమే సాయం

ఇప్పుడు ఆ సున్న సంగతి చూద్దాం. గుండె సంకోచించినప్పుడు లోపలికి ముడుచుకోవటమే కాక, దాని పై భాగం, కవాటాలు ఉన్న చోటు, కొన వైపుకు ఒక సెంటీమీటరుకు పైగా దిగివస్తుంది. కాని ఎం.ఆర్.ఐ. కోత శరీరంలో ఒకే చోట నిలిచి ఉంటుంది. అందుచేత వ్యాకోచంలో జఠరికను చూపిన మొదటి కోత, సంకోచంలో కవాటం కిందికి దిగిపోగా, కర్ణికను చూపుతుంది. అక్కడ కూడా తెల్లని రక్తమే! యంత్రం దానిని జఠరిక అనుకొని 10 చదరపు సెంటీమీటర్లు లెక్కకట్టిందనుకోండి. సంకోచ పరిమాణం 50కి బదులు 60 అవుతుంది. ఇ.ఎఫ్. 58 నుంచి 50 శాతానికి పడిపోతుంది. మిగిలిన కోతలన్నీ సరిగా ఉన్నందువల్ల డైస్ సంఖ్య మాత్రం మొత్తం మీద బాగానే కనిపిస్తుంది. ఫ్రాన్సులోని డిజోన్ ఆసుపత్రికి చెందిన 150 మంది చిత్రాలతో 2017లో జరిపిన పోటీలో, మంచి పద్ధతులు కూడా ఎక్కువగా తడబడినది పై కోతలోను, కొన దగ్గరి కోతలోనే.

చలనం ఇలా మోసగించినా, సరిచూసుకోవటానికి మూడు దారులు కూడా చూపుతుంది. మొదటిది: ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య గడిచేది సెకనులో ముప్పయి అయిదవ వంతు మాత్రమే. అంతలో అంచు కొద్దిగానే కదలగలదు. నడుమ ఒక్క బొమ్మలో గీత దూకితే అది గుండె దూకుడు కాదు, యంత్రపు పొరపాటు. రెండవది: సంకోచంలో గోడ మందమవుతుంది గాని కండరపు ఘనపరిమాణం దాదాపు మారదు. వ్యాకోచంలో 100 మిల్లీలీటర్లున్న కండరం సంకోచంలో 125 అయిందని లెక్క వస్తే ఎక్కడో గీత తప్పింది. మూడవది: రక్తం తిరిగే దారి ఒకటే కనుక, కవాటాలలో కారుడు గాని, గదుల మధ్య గోడలో రంధ్రం గాని లేనప్పుడు, కుడి జఠరిక ఎంత నెట్టిందో ఎడమ జఠరిక కూడా సగటున అంతే నెట్టాలి. రెండు అంకెలూ కలవకపోతే గీతను మళ్ళీ చూడాలి. నాలుగు వందల ఏళ్ళ కిందట రక్తప్రసరణను రుజువు చేసిన హార్వే తర్కమే ఈనాడు యంత్రపు లెక్కకు తూనికరాయి అయింది.

ఎవరి గుండెలు చూసి నేర్చింది?

ఈ తూనికరాళ్ళకు కూడా అందని లోపం ఒకటి ఉన్నది. యంత్రానికి తెలిసినదంతా దానికి చూపిన బొమ్మలు, వాటి మీద మనుషులు గీసిన గీతలు. నిపుణుడు అంచును ఎప్పుడూ కొంచెం బయటికి గీసేవాడైతే యంత్రం కూడా అలాగే గీస్తుంది. పైన చూసిన అర మిల్లీమీటరు తప్పును అది అలసట లేకుండా లక్షల మందికి పంచిపెడుతుంది.

అదే విధంగా, అది చూడని గుండెల విషయంలో తడబడుతుంది. అధిక సంఖ్యాకులు శ్వేతజాతీయులైన బ్రిటిష్ బయోబ్యాంక్ చిత్రాలతో నేర్పిన ఒక యంత్రం, నల్లజాతివారి గుండెల హద్దులను అంత బాగా గుర్తించలేకపోయిందని 2021లో కొందరు పరిశోధకులు చూపారు. సగటు మార్కు చూస్తే ఈ తేడా కనిపించదు. జనసమూహాలను విడివిడిగా పరీక్షించినప్పుడే బయటపడింది. వేరొక కంపెనీ యంత్రంతో తీసిన బొమ్మలు, పుట్టుకతో వచ్చిన వికారాలు, లయ తప్పిన గుండెలు కూడా ఇటువంటి పరీక్షలే. ఒక దేశంలో నేర్చిన యంత్రాన్ని మన ఆసుపత్రులలో వాడేముందు, మన రోగుల బొమ్మల మీద, మన వైద్యులు గీసిన గీతలతో సరిచూడటం అవసరమని దీనివల్ల తెలుస్తున్నది.

అందుచేత కంప్యూటర్ ఇచ్చిన ఇ.ఎఫ్. అంకెను మాత్రమే చూసి ఊరుకోకుండా, అది గీసిన గీతను కూడా వైద్యుడు చూడాలి. ముఖ్యంగా పై కోతలో గీసినది జఠరికనా, కర్ణికనా అని చూసుకోవాలి. అలా చూడటానికి ఒక నిమిషం చాలు. మిగతా పందొమ్మిది నిమిషాలూ యంత్రం ఆదా చేసి పెట్టింది. ఆ కాలం రోగితో మాట్లాడటానికి ఉపయోగపడుతుంది.